ఆ ప్రకటన అతనికెందుకొచ్చింది?

గురువారం ఉదయం సంగతి ఇది. సరస్సు మీంచి మంచు ఎన్నింటికి దిగుతుందో చూద్దామని నోరీన్ కాఫీ కప్పు పక్కనే పడి ఉన్న మొగుడి ఫోన్ తీసింది. వాతావరణం అయితే కనిపించింది గానీ, దాని కిందే ఊదారంగు మంచం కూడా కనిపించింది. ఆడపిల్లలు పడుకునే చిన్న మంచం. తలవైపు చెక్కకి నక్షత్రాలు. ‘బిక్స్‌బీ ఫర్నిచర్. వారం వారం కట్టుకోండి, ఇవాళే ఇంటికి తీసుకెళ్ళండి.’ వాల్ట్ మెట్లు దిగుతున్న చప్పుడు వినగానే ఫోన్ ఉన్నచోటే పెట్టేసి, గుడ్లు గిలక్కొట్టడం మొదలుపెట్టింది. ఒక్క మాట కూడా అడగలేదు.

అడగకపోవడానికి కారణం ఉంది. ఆ ప్రకటన రాసింది నోరీనే. నక్షత్రాలు బాగా కనపడేలా బొమ్మ కత్తిరించిందీ ఆవిడే. అది ఎవరి కంట పడాలో, ఎవరి కంట పడకూడదో గీత గీసిందీ ఆవిడే. బఫెలో నడిబొడ్డున ఓ చిన్న ప్రకటనల ఆఫీసులో ఆవిడ ఉద్యోగమే అది. విహారనౌకలవాళ్ళూ, వంటగదులు మార్చేవాళ్ళూ వస్తే రాబడిలో పై పది శాతం ఇళ్ళకి పంపుతుంది. బిక్స్‌బీ లాంటి వాయిదాల షాపులవాళ్ళు వస్తే దిగువ సగానికి పంపుతుంది. ఈ ఊదారంగు మంచాన్ని అయితే మరీ ఇరుకు సందులోకి తోసింది. లాకవానాలో, పాత ఉక్కు ఫ్యాక్టరీ వెనక వీధుల్లో రాత్రిళ్ళు పడుకునే ఫోన్లకి మాత్రమే వెళ్ళాలి. ఆ ఇల్లు రాబడిలో దిగువ సగంలో ఉండాలి. పైగా ఆ ఫోన్ పట్టుకున్న మనిషి అదే మంచాన్ని షాపు పేజీలో ఒకటికి రెండుసార్లు చూసి ఉండాలి.

ఆ యంత్రం ఎవరి జీతమెంతో అడగదు. ఫోన్ రాత్రిపూట ఎక్కడ పడుకుంటుందో చూసుకుంటుంది, ఆ వీధి రాబడిని ఆ మనిషికి అంటగడుతుంది. తమ ఇల్లున్న ఆర్చర్డ్ పార్క్‌ని బిక్స్‌బీ జాబితాలోంచి నోరీన్ తన చేత్తోనే కొట్టేసింది. మరి వాల్ట్ ఫోన్ రాత్రిళ్ళు ఎక్కడ పడుకుంటున్నట్టు?

వాల్ట్ చెప్పినదాని ప్రకారం జేమ్స్‌టౌన్‌లో. స్కూళ్ళకి బాయిలర్లు అమర్చే కంపెనీలో అతను సూపర్‌వైజరు. కొత్త సంవత్సరం వచ్చిన దగ్గర్నుంచీ అక్కడేదో పెద్ద స్కూల్లో బాయిలర్ మార్పిస్తున్నామని, వారానికి రెండు రాత్రులు మోటెల్‌లోనే ఉండిపోతున్నాడు. జేమ్స్‌టౌన్ అంటే దక్షిణంగా గంటన్నర పైనే ప్రయాణం. లాకవానా అయితే ఇంటినుంచి కారెక్కి పాటలు మూడు పూర్తయ్యేలోగా వచ్చేస్తుంది.

ఇంకో ఆడమనిషైతే జేబులు వెతికేది, చొక్కాలు వాసన చూసేది. నోరీన్‌కి ఆ అవసరం లేకపోయింది. మొగుడి మాట ఒకటి, తన యంత్రం మాట ఒకటి. పదేళ్ళుగా యంత్రాన్ని నమ్మే అన్నం తింటోంది. ఆ వృత్తిలో ఉన్నవాళ్ళకి పట్టే జబ్బు ఇదే, కళ్ళెదుటి మనిషి కంటే అతని ఫోన్‌కి వచ్చే ప్రకటనే నిజమనిపిస్తుంది.

మామూలు రోజుల్లో అయితే ఇంకో వారం కడుపులో దాచుకునేదేమో. కానీ సోమవారం కౌంటీ పిల్లల సంక్షేమ శాఖ నుంచి మిసెస్ ఆకర్‌మన్ వస్తోంది. ఇల్లు చూస్తుంది, ఇద్దరినీ విడివిడిగా కూచోబెట్టి మాట్లాడుతుంది, ఈ ఇంటికి ఎవరెవరు వచ్చిపోతుంటారో అడుగుతుంది. ఆవిడ సరేనంటేనే ఏడేళ్ళ జోసలిన్ ఈ ఇంటికి పెంపకానికొస్తుంది. రెండిళ్ళు మారి, మూడో ఇంటికోసం ఎదురుచూస్తున్న పిల్ల. పిల్లలు పుట్టరని తెలిశాక నోరీన్ ఏడ్చి ఊరుకున్న ఏళ్ళన్నీ దాటి, చివరికి ఈ గడప దాకా వచ్చింది. మేడ మీద గది సిద్ధం చేసి పెట్టుకుంది. తెల్లమంచం, లేతాకుపచ్చ గోడలు. అంతా ఒకే ఒక్క అబద్ధంతో పోతుంది. అది తన అబద్ధం కాకపోయినా పోతుంది.

శుక్రవారం ఉదయం ఆఫీసుకెళ్ళగానే నోరీన్ పక్క బల్ల దగ్గర చేరింది. అక్కడ కూచునేది యెసేనియా కోటో. లెక్కల్లో దిట్ట, నోటికి మాత్రం అదుపు లేదు. ఒక క్లయింటు అడుగుతున్నాడని చెప్పి నోరీన్ విషయమంతా పేర్లు తీసేసి అప్పజెప్పింది. పైతరగతి వీధిలో ఉండే మనిషికి దిగువ సగం ప్రకటన వస్తే యంత్రం పొరపడిందనుకోవచ్చా అని అడిగింది.

“పొరపడుతుంది తల్లీ, పడదని కాదు,” అంది యెసేనియా బర్గర్ పొట్లం విప్పుకుంటూ. “కానీ ఇంత సందులో పొరపడాలంటే కష్టం. రాత్రిళ్ళు అక్కడ పడుకోవాలి, దిగువ సగంలో పడాలి, మంచం రెండుసార్లు చూడాలి. మూడు తప్పులూ వెతుక్కుంటూ వచ్చి ఒక్కడి మీదే పడతాయా?”

ఇంట్లో ఒకరి ప్రకటనలు ఇంకొకరికి అంటుకుంటాయి కదా, అలా ఎవరిదైనా అంటుకుందేమో అని నోరీన్ ఆశగా అంది.

“అది వైఫై జబ్బు. ఒకే ఇంటి వైఫైకి తగిలించిన ఫోన్లన్నిటినీ ఒకే కుటుంబం కింద కట్టేస్తుంది. మా పిన్ని కూతురు చంటిదాన్ని వేసుకుని శని ఆదివారాలు మా ఇంట్లో ఉండి వెళ్ళింది. ఆ తర్వాత నాకు నెలంతా డైపర్ల యాడ్లే. మా ఆయన అవి చూసి, నేను చెప్పకుండా దాస్తున్నాననుకుని, రెండు రోజులు వేళ్ళు లెక్కపెట్టుకుంటూ తిరిగాడు.” తన జోకుకి తనే నవ్వుకుని, వేళ్ళకంటిన ఘాటు సాస్ నాక్కుంది. “మీ క్లయింటు ఫోన్ ఇంటి వైఫైలో ఉంటుందా?”

“ఉండదు. అది కంపెనీ ఫోన్. బయటి వైఫై దేనికీ తగిలించకూడదని వాళ్ళ రూలు.”

ఆ జవాబు మరీ చప్పున వచ్చేసింది. యెసేనియా నమలడం ఆపి ఒకసారి తేరిపార చూసింది. క్లయింటు సంగతులు నీకు బానే తెలుసే అంది. అంతకుమించి గుచ్చలేదు. అడగాల్సినవాళ్ళని నోరు తెరిచి అడిగెయ్యడం కంటే చవకైన ప్రచారం లేదని మాత్రం అనేసి తన తెరవైపు తిరిగిపోయింది.

మంచి సలహానే. నోరీన్ వినలేదు. నోరు తెరిచి అడిగితే వాల్ట్ తడుముకుంటాడా, తయారుగా ఉన్న జవాబు చెబుతాడా తెలిసిపోతుందని అనిపించవచ్చు. కానీ అతను కస్టమర్లకి సర్దిచెప్పి చెప్పి ఆరితేరిన మనిషి. ముందు ప్రశ్న వేస్తే ముఖం సర్దుకుంటాడు. ముఖం సర్దుకోకముందే చూడాలంటే ప్రశ్న తన నోట్లోంచి రాకూడదు.

మధ్యాహ్నం నోరీన్ కొత్త ప్రకటన ఒకటి కట్టింది. బొమ్మ అదే, ఊదారంగు మంచం. మాటలు మార్చింది. పైన పెద్ద అక్షరాల్లో ‘ఈ మంచం ఎవరి కోసం?’ అని, కింద బిక్స్‌బీ పేరు. షాపువాళ్ళు చూసినా భేష్ అంటారు, అంత మామూలు మాట అది. ఒక్క మనిషికే చూపించమంటే యంత్రం ఒప్పుకోదు, కొద్దిపాటి గుంపైనా ఉండాలంటుంది. అందుకని ఆ మంచాన్ని చూసిన లాకవానా ఇళ్ళన్నిటికీ వదిలింది. మొగుణ్ణి నిలదియ్యడానికి క్లయింటు ప్రకటన వాడుకోవడం ఉద్యోగం ఊడే పని. ఆ సంగతి తెలిసే మీట నొక్కింది. 

ఈస్టర్‌కి ముందు, శుక్రవారాలు మాంసం మానే లెంట్ రోజుల్లో శుక్రవారం సాయంత్రం వాళ్ళింట్లో పొయ్యి వెలగదు. అందరిలాగే వాళ్ళూ అగ్నిమాపక దళంవాళ్ళ హాల్లో వేపుడు చేపకి వెళ్తారు. ఫైరింజన్లు బయటికి తోసి, పొడుగు బల్లలు వేసి, వాటిమీద తెల్ల కాగితం పరుస్తారు. ఖాళీ ఎక్కడుంటే అక్కడ, ఎవరి పక్కన చోటుంటే వాళ్ళ పక్కన కూచోవాలి. ఇరుగుపొరుగు, పాత టీచర్లు, పళ్ళ డాక్టరు, అందరూ అక్కడే. ఎంత గొడవున్నా గొంతు పెంచడానికి వీల్లేని చోటది. నోరీన్‌కి అవాళ కావలసింది అదే. ఇంట్లో అయితే తను అరుస్తుంది, అతను మెట్లెక్కి వెళ్ళిపోతాడు.

వడ్డించే మిసెస్ స్టకౌస్కీ పళ్ళెం దాటి రెండు పక్కలా వేలాడుతున్న చేపలు తెచ్చిపెట్టింది. ఈ మనిషికి తోకవైపు ఇస్తే ఒప్పుకోడని గుర్తుంచుకున్నానని వాల్ట్‌ని ఆటపట్టించింది. అతను నవ్వి, నిమ్మచెక్క పిండి, తన వాటా రై రొట్టె నోరీన్ పళ్ళెంలో పెట్టాడు. పెళ్ళయిన దగ్గర్నుంచీ చేస్తున్న పనే. ఆ రొట్టె ముక్క చూస్తే ఆవిడకి ఏడుపొచ్చింది. ఇలాంటివాడు ఎవరికోసమో మంచం కొంటున్నాడా అనుకుంది. వెంటనే, ఇలాంటివాళ్ళే కొంటారు అనుకుంది.

రాత్రికి మంచు ఎక్కువైతే తెల్లవారేసరికి దారి మూసుకుపోతుందేమో చూడమంది. గొంతు మామూలుగానే వచ్చింది. వాల్ట్ జేబులోంచి ఫోన్ తీశాడు, జిడ్డు వేలు కాగితానికి తుడుచుకుని తెర జరిపాడు. నోరీన్ క్యాబేజీ సలాడ్ కలుపుతున్నట్టు నటిస్తూ అతని ముఖమే చూస్తోంది.

వేలు ఆగిపోయింది. కనుబొమలు పైకి లేచాయి, మళ్ళీ దిగాయి. అతను ఫోన్‌ని నెమ్మదిగా బల్ల మీద బోర్లించాడు. 

“మంచు ఎలా ఉంది?” అంది నోరీన్.

“నన్ను అడగాల్సింది నన్నడగొచ్చుగా నోరీ,” అన్నాడు వాల్ట్ తలెత్తకుండా. “ఊరంతటికీ యాడ్ వేసి అడగాలా?”

ఇంత త్వరగా దొరికిపోతానని ఆవిడ అనుకోలేదు. తను గీసిన గీత అతనికీ తెలుసన్న ఊహే రాలేదు. పక్కనున్న ముసలాయన వెనిగర్ సీసా అడిగితే అందించి, మళ్ళీ కూచుంది.

“ఊరంతటికీ వెయ్యలేదు. లాకవానాలో ఆ మంచం చూసినవాళ్ళకే వేశాను,” అంది చాలా చిన్న గొంతుతో. “జేమ్స్‌టౌన్‌లో పడుకునే ఫోన్లకి ఆ యాడ్ వెళ్ళదు, వాల్ట్.”

వాల్ట్ నీళ్ళు నమలలేదు. అది మొదట ఆవిణ్ణి భయపెట్టింది. ఫోర్క్ తీసుకున్నాడు, చేప విరిచాడు, నోట్లో పెట్టుకున్నాడు. తింటూనే చెప్పడం మొదలుపెట్టాడు. జేమ్స్‌టౌన్ లేదు. ఉండేది, జనవరిలో పదిరోజులు, అయిపోయింది. తను పడుకుంటున్నది లెన్ దగ్గర.

లెన్ అంటే వాల్ట్ అన్న. ఆ పేరు వాళ్ళింట్లో వినబడి పదకొండేళ్ళయింది. తాగి కారు నడిపి ఒక మనిషి కాలు పోగొట్టి జైలుకెళ్ళినవాడు. అంతకుముందే నోరీన్ పెళ్ళిలో ఆవిడ తండ్రి మీద చెయ్యి చేసుకున్నవాడు. ఆ రోజే నోరీన్ గీత గీసింది. నీకు అన్నేమో గానీ నా గడప తొక్కడానికి లేదు అంది. వాల్ట్ ఎదురు చెప్పలేదు. ఇన్నేళ్ళూ చెప్పలేదు.

ఇప్పుడు లెన్ తాగడం లేదట. కిడ్నీలు పోయాయి. వారానికి రెండుసార్లు రక్తం శుద్ధి చేయించుకుని వచ్చిన రాత్రి లేచి మంచినీళ్ళు తాగడానికి కూడా ఓపిక ఉండదు, ఒక మనిషి పక్కనుండాలి. కూతురు ఎక్కడుందో తెలియదు, ఆమె పిల్లని మాత్రం అతని దగ్గర దింపి వెళ్ళిపోయింది. ఆ పిల్ల సోఫా మీద పడుకుంటోంది. పడుకునే చోటు లేని పిల్లని చూసి, వీధి చివరున్న షాపులో ఏముందో అని రాత్రి తోచక ఫోన్‌లో మంచాలు చూశానని వాల్ట్ చెప్పాడు. ఊదారంగుది ఆ పిల్లే వేలు పెట్టి చూపించిందట.

“నాతో ఎందుకు చెప్పలేదు?”

“ఏమని చెప్పాలి? కౌంటీవాళ్ళు దగ్గరి బంధువుల్లో జైలుకెళ్ళినవాళ్ళున్నారా అని అడిగితే నువ్వేమన్నావు? ఉన్నాడు, మాకూ అతనికీ రాకపోకల్లేవు అన్నావు. నీ పక్కన కూచుని నేను తలూపాను. అప్పటికే రెండుసార్లు వెళ్ళొచ్చాను. నీ ముఖం చూస్తూ కాదని చెప్పడం నా వల్ల కాలేదు.” అతను నిమ్మచెక్క ఇంకోసారి పిండాడు. అందులో ఏమీ మిగల్లేదు. “నీకింకో సంగతి చెప్పనా? లెన్‌కి నీ యాడ్లు బాగా తెలుసు. వాడి ఫోన్ నిండా అవే, సోఫాలు, టీవీలు, పరుపులు. మీ ఆవిడ నా ముఖం చూడదు గానీ నా వీధిని మాత్రం వదలదురా అంటాడు.”

నోరీన్‌కి చెంప మీద కొట్టినట్టయింది. ఆఫీసులో ఆ వీధులకి పేర్లుండవు, జిప్ కోడ్ ఉంటుంది. పక్కన దిగువ సగం అని ఉంటుంది. దాంట్లో లెన్ ఉంటాడని, సోఫా మీద ముడుచుకుని పడుకునే పిల్లుంటుందని ఆవిడ ఏనాడూ అనుకోలేదు. అయినా ఇంకో వైపు నుంచి మనసు తొలుస్తూనే ఉంది. కథ బాగుంది. మరీ బాగుంది. రోగిష్టి అన్న, దిక్కులేని పిల్ల. కస్టమర్లకి సర్దిచెప్పేవాడికి ఇంతకంటే మంచి కథ దొరుకుతుందా?

“వాళ్ళు మన ఇంటికొచ్చారా?” అంది. సోమవారం మిసెస్ ఆకర్‌మన్ అడగబోయేది కూడా అదే.

“లేదు.”

“ఒక్కసారి కూడా?”

“ఒక్కసారి కూడా రాలేదు నోరీ. లెన్ రాలేదు, పిల్ల రాలేదు, వాళ్ళ తాలూకు ఎవరూ రాలేదు. నువ్వు గీసిన గీత వాళ్ళెవరూ దాటలేదు. నేను దాటి అటు వెళ్ళాను, అంతే.”

అతని పళ్ళెం ఖాళీ అయింది. నోరీన్ దాన్నే చూసింది. అబద్ధం చెప్పేటప్పుడు వాల్ట్ ముద్ద మింగలేడు. అది ఆవిడకి పెళ్ళయిన మొదటి ఏడే తెలిసిన గుట్టు. పుట్టినరోజుకి ఏం కొన్నావని అడిగితే చాలు, అన్నం వదిలేసి లేచేవాడు. ఇవాళ చేప మొత్తం తిన్నాడు, ఆవిడ వదిలేసిన రొట్టె కూడా తీసుకుని తిన్నాడు. నిజమే చెబుతున్నాడు అనుకుంది.

ఇంకా చిన్న సంగతొకటి గుర్తొచ్చి మనసు పూర్తిగా మెత్తబడింది. ఈ సోమ, మంగళవారాల్లో తను పని మీద రోచెస్టర్ వెళ్ళింది. బుధవారం వచ్చి చూస్తే, జోసలిన్ కోసం కొని పరిచిన కొత్త దుప్పట్లు, గలీబులు అన్నీ ఉతికి, మడతపెట్టి, మళ్ళీ మంచం మీద పరిచి ఉన్నాయి. తన చొక్కా తను ఉతుక్కోవడం తెలియని మనిషి చేసిన పని. కొత్తబట్ట వాసన పిల్లకి పడదేమోనని ఉతికానన్నాడు. ఆ మాటకి నోరీన్ అతని వీపు మీద తలానించి చాలాసేపు నిలబడింది. అలాంటివాణ్ణి పట్టుకుని ఇవాళ దొంగని చేసి కూచోబెట్టింది.

సోమవారం మిసెస్ ఆకర్‌మన్‌కి లెన్ సంగతి ముందు మనమే చెప్పేద్దాం అంది నోరీన్. దాచి దొరికిపోవడం కంటే అది నయం. వాల్ట్ సరేనన్నాడు. వెళ్ళి వస్తున్నది నేనేనని చెప్దాం, వాళ్ళెవరూ ఈ ఇంటికి రాలేదని కూడా గట్టిగా చెప్దాం, అప్పుడు ఆవిడకి అభ్యంతరం ఉండదు అన్నాడు. ఇద్దరూ ఒకే మాట చెప్పాలి, ఒక్క మాట కూడా తేడా రాకూడదు అన్నాడు. అది విన్నప్పుడు నోరీన్‌కి ఎక్కడో కొంచెం చురుక్కుమంది. అయినా తలూపింది. అన్నీ అనుమానించేదాన్ని అయిపోతున్నానని తన్ను తనే తిట్టుకుంది.

ఇంటికొచ్చేసరికి మంచు మొదలైంది. వాల్ట్ కాఫీ గిన్నెలు కడుగుతానని వంటింట్లోకి వెళ్ళాడు. నోరీన్ మేడెక్కి జోసలిన్ గదిలో దీపం వేసింది. తెల్లమంచం మీద కూచుంది. దుప్పటి అంచు నున్నగా, సబ్బు వాసనతో ఉంది. ఇంకో మూడు రాత్రులు గడిస్తే చాలు అనుకుంది. ముందు చెయ్యాల్సిన పని ఒకటి ఉంది, ఆ వెర్రి ప్రకటన ఆపించాలి. పొద్దున్నే యెసేనియాకి ఫోన్ చేసి ఏదో ఒకటి చెప్పి తీయించెయ్యాలి. దారులు ఎప్పటికి తెరుస్తారో చూద్దామని తన ఫోన్ తీసింది.

వార్తల పేజీ తెరుచుకుంది. మంచుతుపాను హెచ్చరిక. దాని కింద, ఎప్పుడూ విహారనౌక కనిపించే చోట, ఊదారంగు మంచం.

‘ఈ మంచం ఎవరి కోసం?’

ముందు నవ్వొచ్చింది. తన ప్రకటన తనకే వచ్చిందని. ఆ నవ్వు మధ్యలోనే ఆగింది. తనకెందుకొస్తుంది? ఆ మంచాన్ని తను ఈ ఫోన్‌లో ఏనాడూ చూడలేదు, పని అంతా ఆఫీసు కంప్యూటర్‌లోనే. లాకవానాలో ఈ ఫోన్ ఒక్క రాత్రి కూడా పడుకోలేదు. వాల్ట్ ఫోన్ నుంచి అంటుకుందా అంటే, అది కంపెనీ ఫోన్. ఈ ఇంటి వైఫైని ఎన్నడూ తాకలేదు.

వైఫై. యెసేనియా, చంటిదాన్ని వేసుకుని వచ్చిన ఆమె పిన్ని కూతురు, నెలంతా డైపర్లు.

 ఒకే ఇంటి వైఫైకి తగిలించిన ఫోన్లని ఆ యంత్రం ఒకే కుటుంబం కింద కడుతుంది. లాకవానాలో పడుకునే ఫోన్, ఊదారంగు మంచాన్ని పదేపదే చూసిన ఫోన్, ఏదో ఒకటి ఈ ఇంట్లోకి వచ్చింది. వచ్చి వెళ్ళడం కాదు, వైఫై పాస్‌వర్డ్ అడిగి తెలుసుకుని తగిలించుకునేంత సేపు ఉంది. గత వారం దాకా తనకి నౌకలే వచ్చాయి. అంటే ఇది జరిగింది ఈ వారంలోనే. తను ఊళ్ళో లేనప్పుడు.

ఒక్కసారి కూడా రాలేదన్నాడు. చేప నములుతూ, కళ్ళలోకి చూస్తూ అన్నాడు. పదకొండేళ్ళలో అతను తింటూ అబద్ధం చెప్పడం నేర్చుకున్నాడు, అది తనకి తెలియలేదు. సోమవారం ఆ మాటే తన చేత కూడా చెప్పించబోతున్నాడు.

కూచున్న చోటినుంచి లేవబోతూ ఆవిడ చెయ్యి దుప్పటి మీద పడింది. సబ్బు వాసన మళ్ళీ ముక్కుకి తగిలింది. ఎవరూ పడుకోని మంచం దుప్పట్లు ఎవరైనా ఎందుకు ఉతుకుతారు?

నోరీన్ పైమెట్టు దగ్గరికి వచ్చి, కమ్మీ పట్టుకుని నిలబడింది. కింద వంటింట్లో నీళ్ళ చప్పుడు, గిన్నెల చప్పుడు వినిపిస్తున్నాయి. 

“వాల్ట్, నేను రోచెస్టర్‌లో ఉన్నప్పుడు జోసలిన్ మంచం మీద ఎవరు పడుకున్నారు?”

కింద కుళాయి ఆగింది. గిన్నెలు ఆగాయి. మెట్ల కిందికి వాల్ట్ వచ్చాడు, చేతుల్నుంచి నురగ కారుతోంది. ఎవరూ పడుకోలేదు అనలేదు. ఏం మాట్లాడుతున్నావనీ అనలేదు.

“నీకెవరు చెప్పారు?” అన్నాడు.